అప్పుడే పాడించకండి: యుద్ధంలో అయినవాళ్ళను పోగొట్టుకున్న పిల్లల పాటల గురించి బహిరంగ లేఖ

సాయుధ సంఘర్షణల్లో చిక్కుకున్న పిల్లల కోసం ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నియమించిన ప్రత్యేక ప్రతినిధి గారికి,

విషయం: యుద్ధంలో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లల చేత సభల్లో సొంత కథ పాడించడం మాన్పించవలసిందిగా విజ్ఞప్తి, వాళ్ళకు పాట కట్టడం నేర్పే పద్ధతిపై సూచనలు.

అయ్యా / అమ్మా,

ఫిబ్రవరి 12న బాలసైనికుల దినం. జూన్ 4న దురాక్రమణలకు బలైన పిల్లల దినం. ఇలాంటి సభలు దగ్గర పడేసరికి శిబిరాల్లో ఒక తంతు మొదలవుతుంది. గిటార్ పట్టుకుని ఒక మాస్టారు దిగుతారు, మూడు రోజుల వర్క్‌షాప్ పెడతారు. "మీ అమ్మ గురించి రాయి, సభలో పాడుదువుగాని" అని ఓ పిల్లకు చెబుతారు. నాలుగో రోజుకు ఆ పిల్ల వేదిక మీద ఉంటుంది. ముందు వరసలో కళ్ళు తుడుచుకుంటారు, ఫొటోలు తీస్తారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేకపోవచ్చు. కానీ పోగొట్టుకున్నది పాటగా మారే దారి ఇది కాదని పాట కట్టడం నేర్పేవాళ్ళుగా, పాటల కట్టుబడిని చదివేవాళ్ళుగా మీకు చెప్పదలిచాం.

ముందు ఏళ్ళ లెక్క చూడండి. బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్‌లో పాటలు కట్టిన రోజర్ వాటర్స్ 1943 సెప్టెంబర్ 6న పుట్టాడు. తండ్రి ఎరిక్ ఫ్లెచర్ వాటర్స్ బ్రిటిష్ సైన్యంలో సెకండ్ లెఫ్టినెంట్. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 ఫిబ్రవరి 18న ఇటలీలో ఆంజియో పోరులో చనిపోయాడు. బిడ్డకు అప్పటికి ఆరో నెల. 1979లో వచ్చిన ఆ బృందం ఆల్బం 'ది వాల్'లో ఒక పాట ఆ తండ్రిని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది: సముద్రం దాటి వెళ్ళిపోయాడు, ఇంట్లో ఫొటోల పుస్తకంలో ఒక ఫొటో మిగిలింది. ఆ పోరు వివరమంతా ఉన్న 'వెన్ ది టైగర్స్ బ్రోక్ ఫ్రీ' పాటను కూడా అందులోనే పెట్టాలనుకున్నా, మరీ సొంత గొడవలా ఉందని తోటి వాద్యగాళ్ళు వద్దన్నారు. అది 1982లో గానీ బయటికి రాలేదు. ఆ మరుసటి ఏడు 'ది ఫైనల్ కట్' ఆల్బంను తండ్రికి అంకితమిచ్చాడు. తండ్రి పోయిన 39 ఏళ్ళకు.

ఫ్రెంచ్ గాయకుడు జాన్ ఫెరా అసలు పేరు జాన్ టెనెన్‌బామ్. 1942లో నాజీలు తండ్రిని ఆష్విట్జ్ మృత్యు శిబిరానికి తరలించేటప్పటికి అతనికి 11 ఏళ్ళు. నిర్బంధ శిబిరాలకు పోయినవాళ్ళ మీద 'న్యుయి ఎ బ్రుయార్' పాట 1963లో వచ్చింది. మధ్యలో 21 ఏళ్ళు. రువాండాకు చెందిన గాయకుడు కోర్నెయ్ కుటుంబాన్ని 1994 జాతిసంహారంలో కళ్ళముందే చంపేశారు. అప్పుడతనికి 17. మొదటి ఆల్బం 2002లో. దక్షిణ సూడాన్ గాయకుడు ఇమ్మాన్యుయేల్ జాల్‌కు తను పుట్టిన ఏడు కూడా కచ్చితంగా తెలియదు, 1980 ప్రాంతమని అనుకుంటాడు. తల్లి యుద్ధంలో పోయింది, చిన్నతనంలోనే చేతికి తుపాకీ వచ్చింది. 'వార్‌చైల్డ్' ఆల్బం 2008లో విడుదలైంది. వీళ్ళలో తొందరగా రాసినవాడికే ఎనిమిదేళ్ళు పట్టింది. మన వర్క్‌షాప్‌లు మూడు రోజుల్లో తెమ్మంటున్నాయి.

ఆ ఏళ్ళలో జరిగేది మర్చిపోవడం కాదు. ఆ మాటను ఎవరి గొంతుతో అనాలో, ఎవరిని తలుచుకోవాలో తేల్చుకోవడానికి అంత కాలం పడుతుంది. వాటర్స్ 'నాన్నా' అని నేరుగా పిలిచి, నాకింకేం వదిలి వెళ్ళావని నిలదీస్తాడు. ఫెరా పాటలో ఎక్కడా తండ్రి లేడు, 'వాళ్ళు' ఉన్నారు, వందలుగా, వేలుగా. ఒక మనిషి చావును వేలమందిలో కలిపేస్తేనే అతను పాడగలిగాడని మాకనిపిస్తుంది. కోర్నెయ్ 'మేము' అంటాడు. పల్లవిలో దేశం పేరుండదు, ప్రతి రోజూ ఆఖరి రోజన్నట్టు బతుకుతున్నామని సాఫీగా సాగే ఆర్ అండ్ బీ బాణీలో చెబుతాడు. విషాదం వినాలని వచ్చినవాళ్ళకు అది హుషారు పాటలాగే వినిపిస్తుంది. ఇక జాల్ 'ఎమ్మా' పాటలో తలుచుకునేది తల్లిని కాదు, తనను యుద్ధం నుంచి తప్పించి కెన్యా చేర్చిన బ్రిటిష్ సహాయ కార్యకర్త ఎమ్మా మెక్యూన్‌ను. ఆమె 1993లో నైరోబీలో కారు ప్రమాదంలో చనిపోయింది. ఆమె రాకపోయి ఉంటే నేనేమయ్యేవాణ్ణి అన్న ఒక్క ప్రశ్న మీద పాటంతా నిలబడింది. "నీ గురించి, మీ అమ్మ గురించి రాయి" అని మొదటి రోజే చెప్పామంటే ఈ నాలుగు దారుల్లో ఏదీ ఆ పిల్లకు మిగలదు.

ఇప్పుడు పని లోపలికి వద్దాం, అసలు దెబ్బ తగిలేది అక్కడే. మామూలు పాట ఒకటి తీసుకోండి: పల్లవి, మూడు చరణాలు, ప్రతి చరణం చివర మళ్ళీ పల్లవి. మొత్తం మీద పల్లవి నాలుగుసార్లు వస్తుంది. అన్నిటికంటే బలమైన మాటను పల్లవిలో పెట్టమని మాస్టార్లు నేర్పుతారు. జనంలోకి వెళ్ళాల్సిన పాటకు అది మంచి సలహానే. కానీ "అమ్మ తిరిగి రాలేదు" అన్నది పల్లవిలో పడిందంటే, పదిసార్లు సాధన చేసే పిల్ల ఆ మాటను నలభైసార్లు అనాలి. కొందరికి నడుమలోనే మాట మొద్దుబారిపోతుంది. "నాకేమీ అనిపించడం లేదు, నేను చెడ్డదాన్నా?" అన్న బెంగ పట్టుకుంటుంది. మరికొందరు సాధనలో బాగానే పాడి, సభలో మూడో పల్లవి దగ్గర గొంతు పట్టేసి నిలబడిపోతారు. చప్పట్లు కొడుతూ "ఫర్వాలేదు, పాడు" అని జనం హుషారు చేస్తారు. అంతకంటే ఘోరం మరొకటి లేదు. ఆ మాటను రెండో చరణంలో, ఒక్కసారి, పంక్తి మొదట్లో పెట్టాలి. పల్లవికి తలుపు గొళ్ళెమో, బావి గిలకో, రేడియోనో, ఏదో ఒక వస్తువు చాలు.

పంక్తి మొదట్లో అనడానికి కారణం ఉంది. పంక్తి చివర స్వరం సాగుతుంది, దానికి నిండా ఊపిరి కావాలి. ఏడుపు ముందుగా పట్టేది ఊపిరినే. కష్టమైన మాట పై స్థాయిలో, సాగే స్వరం మీద ఉంటే గొంతు అక్కడే తెగుతుంది. మధ్య స్థాయిలో, పొట్టి స్వరం మీద ఉంటే దాటిపోతుంది. బాణీ మొత్తం ఐదారు స్వరాల్లో తిరిగితే చాలు. పేరు పలకలేని చోట ఎనిమిది తాళం దెబ్బల ఖాళీ వదిలేయాలి. పిల్ల ఇష్టమైతే అక్కడ కూనిరాగం తీస్తుంది, లేదంటే తాళం ఒక్కటే నడుస్తుంది. మొదటి రాతల్లో ప్రాస అడగకూడదు. ప్రాస అడిగితే వాకిలి పక్కన ఎన్నడూ లేని లోగిలి వచ్చి చేరుతుంది, పిల్లకు అది తన ఇల్లు కాకుండా పోతుంది. బాణీకి వేగం, శ్రుతి పిల్లే ఎంచుకోవాలి. యుద్ధం అనగానే విలంబంలో ఏడుపు రాగం అందుకునే అలవాటు పెద్దవాళ్ళది.

వాయిద్యాల విషయంలోనూ తప్పులు జరుగుతాయి. స్నేర్ డ్రమ్ అంచు మీద కొట్టే దెబ్బ తుపాకీ మోతలా వినిపించవచ్చు. కీబోర్డు మీద ఎడతెగని మంద్ర స్వరం విమానం గుర్తుకు తెస్తుంది. ఏ శబ్దం వాయించబోతున్నామో ముందు చెప్పి, ఒకసారి మెల్లగా వినిపించి, స్పీకర్ మీట పిల్లల చేతికే ఇవ్వాలి. ఎవరినీ తలుపుకు వీపు పెట్టి కూర్చోబెట్టకూడదు. ఇవి డబ్బుతో పనిలేని జాగ్రత్తలు.

పన్నెండు వారాలు, వారానికి రెండు తరగతులు, ఒక్కోటి గంట. ఇంతకు తక్కువైతే ఆ పని పెట్టుకోవద్దని మా మాట. గుంపులో ఆరుగురి నుంచి ఎనిమిది మంది వరకు ఉండాలి. అంతకంటే తక్కువైతే ప్రతి పిల్లా అందరి కళ్ళలో పడుతుంది, ఎక్కువైతే గంటలో వంతు రాదు. పెద్దవాళ్ళు ఇద్దరు కావాలి: ఒకరు సంగీతం తెలిసినవాళ్ళు, మరొకరు పిల్లల భాషలో మాట్లాడగల కౌన్సెలర్. మొదటి నాలుగు వారాలు కాగితం కలం ముట్టుకోకూడదు. చప్పట్ల తాళం, ఒకరు అంటే మిగతావాళ్ళు అందుకునే పాటలు, వాయిద్యం పట్టుకోవడం, అంతే. తర్వాతి నాలుగు వారాలు వస్తువుల మీద, శబ్దాల మీద రాయాలి, మనుషుల మీద వద్దు. ఆపైన ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారు. ఫుట్‌బాల్ గురించి రాసినా అదీ పాటే, దాన్ని తప్పించుకోవడమని అనకూడదు. మాస్టారుకు రాని భాషలో రాస్తే అర్థం చెప్పమని పీడించకూడదు. ప్రతి తరగతిలోనూ చివరి పది నిమిషాలు అందరికీ తెలిసిన మామూలు పాట పాడి లేవాలి, పిల్లలు ఆ బరువుతోనే గుడారానికి పోకుండా.

2007లో మానవతా సహాయ సంస్థల ఉమ్మడి వేదిక అయిన అంతర్ సంస్థల స్థాయీ సంఘం ప్రకటించిన మానసిక ఆరోగ్య మార్గదర్శకాలు మీ కార్యాలయానికి కొత్త కాదు. జరిగిందంతా ఒక్క విడతలో కక్కించే పద్ధతిని అవి వద్దన్నాయి. మూడు రోజుల పాటల వర్క్‌షాప్ దానికి గిటార్ తగిలించిన రూపమే. బాలల హక్కుల ఒడంబడికలో 39వ అధికరణం పిల్లలు కోలుకోవడానికి తోడ్పడమంటోంది, 16వది వాళ్ళ ఆంతరంగికతను కాపాడమంటోంది. రెంటినీ కలిపి చదవండి.

సాక్ష్యం గొడవ ఒకటుంది, మీకు మరీ దగ్గరి విషయం. భద్రతా మండలి 2005లో చేసిన 1612వ తీర్మానం ప్రకారం మీ యంత్రాంగం పిల్లలపై జరిగిన ఘోరాలను నమోదు చేసి నిర్ధారించుకుంటుంది. అక్కడ తేదీ, స్థలం, ఎవరు చేశారన్నది కచ్చితంగా ఉండాలి. పాటలో పిల్ల తేదీ మారుస్తుంది, అమ్మ స్థానంలో పిన్నిని పెడుతుంది, లేని వాన కురిపిస్తుంది. పాటకు అది న్యాయం. ఆ పాటను సాక్ష్యంగా చదివితే రేపు ఎవరో లేచి "అబద్ధం చెప్పింది" అంటారు. వాంగ్మూలం తీసుకునే మనిషి, పాట నేర్పే మనిషి ఎన్నడూ ఒకరే కాకూడదు. పాటల నోటు పుస్తకం కేసు ఫైల్లోకి వెళ్ళకూడదు.

అలాగని వివరాలు పాటకు అక్కర్లేదని కాదు. వాటర్స్ 'వెన్ ది టైగర్స్ బ్రోక్ ఫ్రీ' పాటకు ముడిసరుకు ఒక కాగితం: తండ్రి చావుకు రాజు పేరిట ఇంటికి వచ్చిన సంతాప పత్రం, పాత ఫొటోల సొరుగులో దొరికింది. సంతకం రబ్బరు ముద్ర. పాటలో కోపం ముందు ఆ ముద్ర మీద నిలుస్తుంది, చివరికి నాన్నను నా నుంచి తీసుకుపోయింది పై అధికారులేనన్న మాటతో ముగుస్తుంది. తండ్రి దేహం దొరకలేదు. సరిగ్గా ఎక్కడ పడిపోయాడో 2013లో ఆంజియోలో పోరాడిన హ్యారీ షిండ్లర్ అనే మాజీ సైనికుడు యుద్ధ దినచర్య పత్రాలు వెతికి తేల్చాడు. 2014 ఫిబ్రవరి 18న ఆప్రీలియాలో స్మారకం ఆవిష్కరించేనాటికి కొడుక్కి 70 ఏళ్ళు. అయినవాళ్ళ గతి తెలుసుకునే హక్కును జెనీవా ఒప్పందాల మొదటి అదనపు ప్రోటోకాల్ 32వ అధికరణం కుటుంబాలకు గుర్తించింది. పిల్లల చేత పాడించడానికి పెట్టే ఖర్చును ఈ వెతుకులాట మీద పెట్టండి. ఊరి పేరు, తేదీ, చివరిసారి చూసినవాళ్ళ మాట, ఈ మూడూ రాసిన ఒక కాగితం ఆ కుటుంబానికి అందితే, అడిగిన రోజున పిల్లకు చూపించే వీలుంటుంది.

రికార్డింగుల గురించి టూకీగా. అసలు ప్రతి పిల్ల దగ్గర, లేదా సంరక్షకుల దగ్గర ఉండాలి. ఫైలు పేరులో పిల్ల పేరు, ఊరు, శిబిరం ఉండకూడదు. తండ్రిని చంపినవాళ్ళు ఇంకా ఆ ఊళ్ళోనే ఉండవచ్చు. పాట మీద హక్కు రాసినవాళ్ళదే, వర్క్‌షాప్ పెట్టిన సంస్థది కాదు. పద్దెనిమిది నిండాక అనుమతి మళ్ళీ అడగాలి. తీసేయమంటే కారణం అడగకుండా ముప్పై రోజుల్లో తీసేయాలి.

1963లో ఫెరా పాట వేయొద్దని ఫ్రెంచ్ ప్రభుత్వ ప్రసార సంస్థ పెద్దలు సూచించారు. ఇప్పుడు పెద్దలు పాడమని వెంటపడుతున్నారు. ఎప్పుడు పాడాలో ఎవరు తేల్చాలన్న ప్రశ్న మాత్రం రెండుచోట్లా ఒకటే. ఈ కథలు వినిపిస్తేనే విరాళాలు వస్తాయని మీ సిబ్బంది అనవచ్చు. కాదనం. ఆ పనికి పెద్దవాళ్ళున్నారు.

కాబట్టి మా వినతి: వచ్చే ఫిబ్రవరి 12 లోపు మీ కార్యాలయం, భాగస్వామ్య సంస్థలు జరిపే సభలన్నిటికీ ఒక నియమం పంపండి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు సొంత నష్టం మీద ఒంటరిగా పాడే అంశం ఏదీ కార్యక్రమంలో ఉండరాదు. బృందగానానికి అడ్డు లేదు, పిల్లలు తమంతట తాము ఎంచుకున్న పాటైతే చాలు. సభకు ఆ గొంతే కావాలంటే, బాల్యంలో పోగొట్టుకుని, పెద్దయ్యాక తమ ఇష్టంతో రాసి పాడుతున్న కళాకారులను పిలవండి. పారితోషికం ముందుగా మాట్లాడుకుని, సభ రోజునే చెల్లించండి.

ఇట్లు,
పాట కట్టడం నేర్పేవాళ్ళం, పాటలు చదివేవాళ్ళం