వడ్డన బాగుంటేనే అదనపు రుసుము

సంపాదకులకు,

కడపలో ఖరీదైన రెస్టారెంట్లు పెరగడం సంతోషమే గానీ, వాటిని గోడల అలంకరణతో కాక వంటతో, వడ్డనతో తూచడం అవసరం. రాగి సంగటి పొగలు కక్కుతూ బల్ల మీదికి రావాలి. నాటుకోడి పులుసు అని మెనూలో రాసి, ఫారం కోడిని జీడిపప్పు ముద్దతో తియ్యగా వండి పెడితే, ఎంత అందమైన పళ్లెంలో వడ్డించినా అది సీమ వంట కాదు. కారం దోసెను పెనం మీది నుంచి వేడివేడిగా తినే ఊరికి ఈ తేడా ఒకరు చెప్పనక్కరలేదు.

ఇటీవల ఒకచోట సంగటి చల్లారి గట్టిపడింది, మంచినీళ్లు అడిగితే సీసా నీళ్లే ఉన్నాయన్నారు, చివరికి బిల్లులో జీఎస్టీకి తోడు సర్వీస్ ఛార్జి వేసి అది తప్పనిసరి అన్నారు. జీఎస్టీ ప్రభుత్వానికి చెల్లే పన్ను. సర్వీస్ ఛార్జి అలాంటిది కాదు. దానిని రెస్టారెంట్లు బిల్లులో తమంతట తాము కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. బల్లల మధ్య రోజంతా తిరిగే కుర్రవాళ్లకు మెచ్చి ఇచ్చేది వారి చేతికే ఇవ్వడం నాకు ఇష్టం.

వినియోగదారులు ఇలాంటి బిల్లులపై జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫిర్యాదు చేయాలని, జిల్లా అధికారులు కూడా తనిఖీలు జరపాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కడప