చెయ్యి లాగితే ట్రాన్స్ రాదు, గూడ జారుతుంది

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్ మడతలో ఒక రంగుల కరపత్రం వచ్చింది. విజయవాడలో హిప్నాటిజం నేర్పిస్తారట, ఒక్కరోజు శిక్షణ, "పది సెకన్లలో డీప్ ట్రాన్స్" (అంటే లోతైన మైకంలాంటి స్థితి) అని ఎర్రటి అక్షరాలు, ఇంటర్ పిల్లలకి ఫీజులో రాయితీ కూడా. అది మీరు వేసింది కాదు, ఏజెంటు దగ్గర లోపల పెట్టిస్తారని తెలుసు, అయినా చదివేది మీ పాఠకులే కాబట్టి మీకే రాస్తున్నాను.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఫిజియోథెరపీ చేస్తాను. రెండు నెలల కిందట ఇంటర్ సెకండియర్ చదివే కుర్రాడొకడు కుడిచేతికి స్లింగు వేసుకుని వచ్చాడు. "గూడ జారింది మేడం, స్టేజీ మీద" అంది వాళ్లమ్మ. స్టేజీ ఏంటి, డాన్సా అని అడిగాను. కాదట, విజయవాడలో వాళ్ల కాలేజీ ఫంక్షన్‌కి హిప్నాటిస్టుని పిలిచారట. ఆయన షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, వీడు ఏదో అడగబోతుండగానే ఒక్క గుంజు గుంజి చెవి దగ్గర "స్లీప్" అని అరిచాడు. కుర్రాడు కుప్పకూలాడు. హాలంతా చప్పట్లు. చెయ్యి పైకెత్తలేకపోతున్నాడని తెలిసింది మాత్రం కార్యక్రమం అయిపోయి బస్సు ఎక్కేటప్పుడు.

భుజం కీలు ఎలా ఉంటుందో తెలిస్తే ఎవరూ ఆ పని చెయ్యరు. బంతి పెద్దది, అది కూర్చునే గిన్నె చిన్నది, లోతు తక్కువ. మన చెయ్యి ఇన్ని వైపులకి తిరుగుతుందంటే కారణం అదే, ఒంట్లో అన్ని కీళ్లకంటే తేలిగ్గా జారేదీ అదే. ఈ వయసులో ఒకసారి జారితే మళ్లీ మళ్లీ జారే అవకాశం చాలా ఎక్కువ. ఆ పిల్లాడు ఇప్పటికీ షర్టు వేసుకునేటప్పుడు ముందు ఎడమచేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని, మెల్లగా చొక్కా చేతిలోకి దూరుస్తాడు.

ఒకరోజు ఎక్సర్‌సైజ్ చేయిస్తూ అడిగాను, నిజంగా నిద్రపట్టిందా నాన్నా అని. "నిద్రేం లేదు మేడం, అన్నీ వినపడుతున్నాయి. అందరూ చూస్తున్నారు కదా, పడిపోవాలేమో అనిపించింది, పడిపోయా" అన్నాడు.

నవ్వొచ్చింది కానీ వాడు చెప్పినదాంట్లో సగం శాస్త్రం ఉంది. నేను రోజూ నొప్పితోనే పని చేసేదాన్ని కాబట్టి దీని గురించి కొన్నేళ్లుగా చదువుతున్నాను. హిప్నాసిస్ నిద్ర కాదు. నిద్ర అనే అర్థమున్న ఆ పేరుని 1840ల్లో వాడుకలోకి తెచ్చిన మాంచెస్టర్ సర్జన్ జేమ్స్ బ్రెయిడే తర్వాత ఆ పేరు సరిపోదని, ఇది ఒకే ఆలోచన మీద మనసు నిలిచిపోవడమని మార్చబోయాడు, అప్పటికే జనం నోట పాతది నాటుకుపోయింది. స్టేజీ మీద క్షణాల్లో పడిపోయేవాళ్లని ఎంచుకునేది కూడా ముందే. హాల్లో అందర్నీ వేళ్లు పెనవేసుకోమని, అవి అతుక్కుపోయాయి, విడదియ్యలేరు అంటారు చూడండి, ఎవరికి నిజంగానే విడిపోవో వాళ్లనే పైకి పిలుస్తారు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 1959లో ఎవరు ఎంత స్పందిస్తారో చూసే కొలమానం తయారుచేశారు, దాని మీద బాగా ఎక్కువగా స్పందించేవాళ్లు నూటికి పది పదిహేను మందే. అదే మనుషుల్ని పాతికేళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే ఆ స్కోర్లు పెద్దగా మారలేదు. అంటే లోతుకి వెళ్లడంలో గుంజే చెయ్యికంటే కూర్చున్న మనిషి వాటా ఎక్కువ. జాతరలో అదే డప్పు అందరూ వింటారు, పూనకం మాత్రం కొందరికే వస్తుంది కదా.

త్వరగా చెయ్యడం తప్పని నేననడం లేదు. డేవ్ ఎల్మన్ అని అమెరికాలో రేడియో మనిషి ఉండేవాడు, 1949 తర్వాత డాక్టర్లకి, డెంటిస్టులకి ఇదే నేర్పాడు. పేషెంటుని కుర్చీలో కూర్చోబెట్టి, కనురెప్పలు ఇక తెరుచుకోవన్నంతగా వదులు చేసుకోమంటాడు. కళ్లు తెరిపించి మళ్లీ మూయిస్తాడు, ప్రతిసారీ ఇంకొంచెం లోపలికి దిగుతారు. తర్వాత చెయ్యి ఒక అంగుళం ఎత్తి వదులుతాడు, తడిగుడ్డలా ఒళ్లో పడాలి, బిగుసుకుని ఉంటే ఇంకా కాలేదన్నమాట. నూరు నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే రెండు మూడు లెక్కపెట్టేసరికే అంకెలు మనసులోంచి మాయమైపోతాయి. మొత్తం నాలుగైదు నిమిషాలు. ఎవరి చెయ్యీ గుంజక్కర్లేదు. మన దేశంలోనే, 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో, జేమ్స్ ఎస్‌డెయిల్ అనే సర్జను గంటలతరబడి ఒంటి మీదుగా చేతులు ఆడించి మత్తులాంటి స్థితి తెప్పించి ఆపరేషన్లు చేశాడు, ఆ ఓపికకి దండం పెట్టాలి. ఎల్మన్ అన్నిటికంటే లోతైన దశకి ఆయన పేరే పెట్టాడు.

బ్రిటన్‌లో 1952లోనే చట్టం తెచ్చారు, స్టేజీ షోలో చిన్నవయసు వాళ్లని హిప్నటైజ్ చెయ్యకూడదని. మొదట 21 ఏళ్లు పెట్టి తర్వాత 18కి తగ్గించారు. మన దగ్గర పదహారేళ్ల పిల్లల్ని కాలేజీయే వరస కట్టించి స్టేజీ ఎక్కిస్తోంది! పటమట నాస్తిక కేంద్రం వాళ్లు నిప్పుల మీద నడిచి చూపించి, ఇందులో మహిమేం లేదర్రా అని చెప్పిన ఊరండీ విజయవాడ.

నాకు ఎక్కువ భయం ఆ ఒక్కరోజు శిక్షణ గురించే. సాయంత్రానికి సర్టిఫికెట్ పట్టుకుని హాస్టల్‌కి వెళ్తారు, రాత్రికి రూమ్మేట్ మీద ప్రయోగం. వెనక మంచం కోడు ఉందో, గచ్చు ఉందో ఎవరు చూస్తారు? ఇదివరకు మానసిక సమస్య ఉన్న పిల్లాడైతే? బయటికి ఎలా తీసుకురావాలో ఆ ఒక్కరోజులో ఎంతసేపు నేర్పుతారు?

కాబట్టి కాలేజీల వాళ్లని అడిగేది ఇంతే. పిలిస్తే పిలవండి, కానీ 18 నిండనివాళ్లని ఎక్కించొద్దు, నిలబెట్టి చెయ్యొద్దు, చేతులు గుంజనని ముందే కాగితం మీద రాయించుకోండి. తల్లిదండ్రులకి ఒక మాట చెప్పండి. ఏజెంట్లు పెట్టే కరపత్రాల మీద మీకూ ఎంతోకొంత అదుపు ఉంటుందనుకుంటున్నాను, అది కూడా ఒకసారి చూడండి.

మా కుర్రాడికి ఇంకా మూడు వారాల ఎక్సర్‌సైజులున్నాయి. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ దగ్గరికొచ్చాయి, కుడిచేత్తో బ్యూరెట్ గొట్టం ఎత్తి స్టాండుకి బిగించగలడా అని వాళ్లమ్మ రోజూ అడుగుతోంది.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
బ్రాడీపేట, గుంటూరు