ధ్యానం పైన ఆ రోజు వాక్యం కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీరు రోజూ వేసే కథోలిక ధ్యానం పొద్దున్నే చదువుతాను, కానీ ఈమధ్య అందులో మంచి మాటలే ఉంటున్నాయి, ఆ రోజు పూజలో చదివే వాక్యం మాత్రం కనిపించడం లేదు. బైబిలు నిధుల్ని విశ్వాసులకు ఇంకా విరివిగా తెరవమని కథోలిక బిషప్పుల రెండో వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది, అందుకే ఇప్పుడు ఆదివారం పఠనాలు 3 ఏళ్లకోసారి తిరిగొస్తాయి. లూకా 9:23 చూడండి. సిలువ ఎత్తుకోమని యేసు అన్న మాట మత్తయి, మార్కు కూడా రాశారు, కానీ 'ప్రతిరోజూ' అన్నది లూకాలోనే ఉంది. నాకైతే శిష్యరికమంతా ఆ ఒక్క మాటలోనే ఉందనిపిస్తుంది, ఎందుకంటే కోపం వచ్చిన రోజు, ప్రార్థన చేయబుద్ధి కాని రోజు కూడా అందులోకే వస్తాయి. వాక్యం ఎదురుగా లేకపోతే ఇది ఎలా దొరుకుతుంది? దయచేసి అధ్యాయం, వచనం పైన వేయండి, పూజలో సువార్తకు ముందు చదివే మొదటి పఠనాన్నీ వదలొద్దు.

ఒక పాఠకురాలు