నల్లమల చెంచులకు పంచాయతీలో చోటు గురించి గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నల్లమలలోని ఒక చెంచు గూడెంలో కొంతకాలం పిల్లలకు చదువు చెప్పినవాడిగా ఈ విన్నపం రాస్తున్నాను.

రాష్ట్రంలో షెడ్యూల్డు తెగలకు కేటాయించిన ఏడు శాసనసభ స్థానాలూ (పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు లోయ, పాడేరు, రంపచోడవరం, పోలవరం) ఉత్తరాంధ్ర, గోదావరి మన్యాల్లోనివే. నల్లమల వైపు ఒక్కటీ లేదు. యర్రగొండపాలెం ఎస్సీ స్థానం, శ్రీశైలం జనరల్. జనాభా లెక్కన సీట్లు పంచేటప్పుడు చెల్లాచెదురుగా బతికే చిన్న తెగకు అక్కడ చోటు దొరకదని తెలుసు గనుక, పంచాయతీ గురించే అడుగుతున్నాను.

కృష్ణకు అవతల, తెలంగాణలోని అమ్రాబాద్ పీఠభూమిలో చెంచులుండే చాలా ఊళ్లు రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కిందికి, అంటే షెడ్యూల్డు ప్రాంతంలోకి వస్తాయి కాబట్టి, ఆ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం అక్కడ సర్పంచి పదవి గిరిజనులదే. ఇవతలి ఒడ్డున ఉన్న వాళ్ల చుట్టాలకు ఆ రక్షణ లేదు. ఇరవై ముప్పై గుడిసెల గూడేన్ని మైదానపు పెద్ద ఊరికి శివారుగా కలిపేశాక వాళ్లకు మిగిలేది మహా అయితే ఒక వార్డు. అది ఎస్టీలకు వచ్చినా, అదే ఊళ్లో కాస్త చదువూ నలుగురి అండా ఉన్న ఇతర గిరిజన కుటుంబాలదే పైచేయి అవుతుంది. వాళ్లనూ తప్పుపట్టలేం, వాళ్లూ పేదలే.

2021 ఎన్నికల్లో నేనెరిగిన ఒక చెంచు మహిళ వార్డుకు నిలబడదామనుకుంది. నామినేషన్లకు ఇచ్చిందే మూడు రోజులు. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, ఓటరు జాబితాలో మరొకలా ఉందని కుల ధ్రువీకరణ పత్రం కోసం ఆమెను మండల కేంద్రానికి తిప్పారు. రెండు రోజుల కూలి పోయింది. పత్రం చేతికొచ్చేసరికి గడువు దాటింది. ఆమె దాన్ని రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ సంచిలోనే మడిచి పెట్టుకుని, "పోనీలే సారూ" అని గూడెం దారి పట్టింది.

ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో ఎత్తివేసినట్టే ఈ అడ్డంకినీ తొలగించవచ్చు. ఎన్నికల ప్రకటనకు ముందే శ్రీశైలం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) సిబ్బంది గూడేలకు వెళ్లి కుల పత్రాలు ఇచ్చేలా ఆదేశించండి. వార్డుల విభజనలో గూడేన్ని ముక్కలు చేయకుండా విడి వార్డుగా ఉంచమని పంచాయతీరాజ్ శాఖకు రాయండి. నల్లమల గూడేలను షెడ్యూల్డు ప్రాంతంలో చేర్చాలన్న ప్రతిపాదనను కేంద్రం ద్వారా రాష్ట్రపతి ముందుకు తీసుకెళ్లండి. మొదటి రెండింటికీ కొత్త చట్టం అవసరం లేదు, మీ శాఖ చొరవ చాలు.

ఇట్లు,
నల్లమల ప్రాంత ఉపాధ్యాయుడు