లాలాపేట బ్రిడ్జి మీద మా బావమరిది

ఒరేయ్ సీనూ,

ముందు తిట్టుకోవడం ఆపు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైందని నాకూ తెలుసు. ఫ్రిజ్ మీద పెట్టాను. దాని మీద కరెంటు బిల్లు పడింది, బిల్లు మీద ఎవరిదో పెళ్లి కార్డు పడింది, అంతే సంగతి. ఇవాళ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి మా బావమరిది రాజమండ్రి వస్తున్నాడు, వాడి చేతికిచ్చి పంపుదామని కూర్చున్నా. కవరుకి టేపు గట్టిగా వేస్తాను. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు అలాగే ఉంది. చిన్నది ఎనిమిదిలోకి వచ్చింది. నాకు ఆఫీసు తార్నాకకు మార్చారు. కరెంటు స్కూటరు కొన్న కథంతా అక్కణ్ణుంచే.

మల్కాజిగిరి నుంచి లాలాపేట మీదుగా తార్నాక ఐదు కిలోమీటర్లు, రానూపోనూ పది. నా పాత స్కూటరు ఈ మధ్య లీటరుకు నలభై ఇవ్వడానికే మూలుగుతోంది. ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను (నవ్వకు). నెలకు 25 రోజులు, 250 కిలోమీటర్లు, ఆరు లీటర్ల పైచిలుకు. లీటరు 107 చొప్పున దాదాపు 670 రూపాయలు. అదే కరెంటు బండికి నెలంతా కలిపినా పది యూనిట్లు దాటదు. అంటే మిగిలేది 600. నెలకు 600 మిగుల్చుకోవడానికి లక్షన్నర బండి కొనేవాణ్ణి ఏమంటారో, ఆ మాట నువ్వు ఎప్పుడో నన్ను అనేశావు. అందుకని ఎనభై వేలు దాటకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మొదట ఒక చిన్న షోరూంకి వెళ్లాం. వెళ్లాం అంటే నేనూ, టీ ఇస్తారని వెంట వచ్చిన మా బావమరిదీ. 55 వేల బండి, లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు అన్నాడు కుర్రాడు. నిజమేరా, మోటారు 250 వాట్లు, వేగం 25 కిలోమీటర్లు దాటకపోతే రిజిస్ట్రేషన్ ఉండదు. టెస్ట్ రైడ్ అంటే షోరూం పక్క సందులో ఒక రౌండు. ఆ సందులో సైకిలైనా బాగానే పోతుంది. నేను లాలాపేట బ్రిడ్జి ఎక్కించి చూస్తానన్నాను. వాడు మొహం చిట్లించి, నా లైసెన్సు పట్టుకుని వదిలాడు. లైసెన్సు అక్కర్లేని బండికి!

మా వాణ్ణి వెనక ఎక్కించుకున్నా. వాడు 92 కిలోలు, నేను 74. రోడ్డు చదునుగా ఉన్నంతసేపు రాజాలా ఉంది, చప్పుడే లేదు. బ్రిడ్జి మొదలైంది. మీటరు మీద 24. తర్వాత 19. తర్వాత 14. నేను ఎక్స్‌లేటర్ మొత్తం తిప్పేసి ఉంచాను, ఇంక తిప్పడానికి లేదు. 9కి వచ్చేసరికి, అరటిపళ్ల బండి తోసుకుంటూ ఎక్కుతున్న పెద్దాయన మా పక్కకి వచ్చాడు. పోటీ ఏమీ లేదు, ఆయన మానాన ఆయన తోసుకుంటున్నాడు. ఒకసారి మా వైపు చూసి మళ్లీ ముందుకి చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. వెనక సిటీ బస్సు హారన్ ఆపడం లేదు. మా వాడు నా చెవిలో ఏమన్నాడో తెలుసా? "బావా, నేను కొంచెం ముందుకి వంగనా?"

వంగాడు కూడా! ఏమీ మారలేదు. కాళ్లు కింద పెట్టి తోశాడు. చివరికి చెప్పకుండా దిగిపోయాడు. వాడు దిగడంతో బండి ఒక్కసారి ముందుకి దూకింది. నేను ఆపలేదు, ఆపితే మళ్లీ కదులుతుందో లేదోనని. వాడు "బావా, బావా" అంటూ చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాల పరుగు. బైకు మీద ఒక పిల్లాడు నన్ను దాటి వచ్చి ఆపి, "అంకుల్, మీ ఆయన పడిపోయినట్టున్నాడు" అన్నాడు. "మీ ఆయన" ఏంట్రా! బ్రిడ్జి మధ్యలో ఆగి కడుపు పట్టుకుని నవ్వాను.

నవ్వుతుంటేనే మీ నాన్నగారి లూనా గుర్తొచ్చింది. మనిద్దరం వెనక, బియ్యం సంచి ముందు, కాలవ గట్టు ఎక్కేటప్పుడు ఆయన పెడల్ తొక్కుతూ "దిగకండ్రా, ఎక్కుతుంది" అనేవారు చూడు. ఎక్కేది కూడా. ఆయన ఉండి ఉంటే ఈ కరెంటు బండిని... సరే, వదిలెయ్.

అన్నట్టు లూనా కూడా కరెంటుతో వచ్చింది, 2024 ఫిబ్రవరిలో. ఒక చోట ఎక్కి కూర్చున్నాను. నా కాలు దానంతటదే పెడల్ కోసం వెతుక్కుంది. లేదు పెడల్.

షోరూం కుర్రాడు మాత్రం "సార్, అది సింగిల్ పర్సన్ బండి సార్" అన్నాడు తాపీగా. మా ఇంట్లో మిక్సీకే 750 వాట్లు. పచ్చడికి 750 కావాలి, మా 166 కిలోలకి 250 చాలట! పైగా రిజిస్ట్రేషన్ లేకపోతే కలిసొచ్చేది ఏమీ లేదు. తెలంగాణలో కరెంటు బండ్లకి 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 దాకా రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ మాఫీ.

ఇంకో చిక్కు చార్జింగ్. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. సెల్లార్లో ప్లగ్గు కామన్ మీటరుది. సెక్రటరీగారిని అడిగితే మీటింగులో పెడదాం అన్నారు. మూడు మీటింగులు అయ్యాయి, నీళ్ల మోటారు గురించి. కాబట్టి బ్యాటరీ ఊడి చేతికి రావాలి. చవక బండిలో లెడ్ యాసిడ్, దాన్ని మోయడం నా వల్ల కాదు, రెండేళ్లు తిరక్కుండా మార్చాలి కూడా. లిథియంది పన్నెండు కిలోలు. రెండో షోరూంలో దాన్ని చేత్తో పట్టుకుని పక్క బిల్డింగు మూడో అంతస్తు దాకా ఎక్కి దిగాను. సేల్స్ అమ్మాయి భయపడి వాచ్‌మన్‌ని నా వెంట పంపింది.

అదే తీసుకున్నాను. రెండు యూనిట్ల బ్యాటరీ, 50 దాకా వేగం, ఆన్‌రోడ్ 83 వేలు. ఒట్టు మూడు వేలు తప్పింది, ఇంట్లో చెప్పకు. కంపెనీ వాళ్లు వంద అంటారు, నాకు డెబ్బై వస్తోంది. రోజుకు పది తిరిగేవాడికి ఏదైతేనేం, వారానికి రెండుసార్లు మోస్తే చాలు. మొదటి ఆదివారమే మా వాణ్ణి వెనక కూర్చోబెట్టి లాలాపేట బ్రిడ్జి ఎక్కించాను. ముప్పై తగ్గలేదు. అరటిపళ్లాయన కోసం రెండు వైపులా చూశాను కానీ లేడు.

వానల్లో ఆనంద్‌బాగ్ అండర్ బ్రిడ్జి దగ్గర ఏమైందో అదీ రాయాలి, అది ఇంకా పెద్ద కథ, ఆ రోజు నేను ప్యాంటు మడిచి... ఆగు, కింద నుంచి మా వాడు అరుస్తున్నాడు. స్టేషన్‌కి దింపుతానన్నాను కదా, సంచి ముందు పెట్టుకుని బండెక్కి కూర్చున్నాడట. "బావా, తాళం తిప్పినా స్టార్టవ్వట్లేదు" అంటున్నాడు.

బ్యాటరీ ఇక్కడే నా పక్కన చార్జింగ్‌లో ఉందిరా. ఉంటా.

నీ
రాజు