షట్టర్ సగం దించాక వచ్చేవాళ్ల కోసం

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నారాయణపేట జిల్లాలో చిన్న రక్తపరీక్షల ల్యాబ్ నడుపుకునే టెక్నీషియన్‌ని. పొద్దంతా షుగర్లు, టైఫాయిడ్లు, డెంగీలు. ఈ లేఖ మాత్రం రాత్రి షట్టర్ సగం దించాక వచ్చేవాళ్ల గురించి, ఇంట్లోనే హెచ్ఐవీ చూసుకునే కిట్ వాళ్లకు దొరకాలని అడగడానికి.

పోయిన దసరాకు ముంబై నుంచి వచ్చిన ఒకాయన అట్లనే వంగి లోపలికి వచ్చాడు. బిల్డింగ్ పని చేసే మనిషి. "అన్నా, ఆ టెస్టు చేస్తవా?" అన్నాడు. ఏ టెస్టని అడగలేదు నేను. సర్కారు దవాఖానలో ఫ్రీగా చేస్తారు, పేరు బయటికి రాదు, అక్కడికి పో అన్నాను. "పోయిన. మా ఊరి ఆశా వర్కరు గేటు కాడనే ఉండె. మళ్లొచ్చిన" అన్నాడు. సరే కూర్చోమని గ్లౌజులు తొడుక్కుంటుంటే బయట బండి ఆగిన చప్పుడయింది. రేపొస్తానని వెళ్లిపోయాడు. రాలేదు.

అదే మనిషి నా పక్కనున్న మెడికల్ షాపులో ప్రెగ్నెన్సీ కిట్ అడిగితే చేతిలో పెడతారు. ఇంట్లో చూసుకునే హెచ్ఐవీ కిట్ అడిగితే లేదంటారు. ఇదేమీ కొత్త వస్తువు కాదు. చిగుళ్ల మీద పుల్లతో తుడిచి, ద్రావణంలో ముంచి, 20 నిమిషాలు ఆగితే యాంటీబాడీ (వైరస్‌తో పోరాడడానికి ఒళ్లు తయారుచేసుకునేది) ఉందో లేదో చెప్పే కిట్‌ను అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2012 జూలైలోనే ఇంటి వాడకానికి ఒప్పుకుంది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలా సొంతంగా పరీక్షించుకోవడాన్ని సిఫారసు చేసింది. మన దగ్గర 2021 మేలో ఇంట్లో చూసుకునే కోవిడ్ కిట్‌కు కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ సరేనంది. అది వెతికేది యాంటీబాడీని కాదు, యాంటిజెన్‌ను, అంటే వైరస్ సొంత ముక్కనే. అయినా ముక్కులో పుల్ల పెట్టుకుని కిట్ మీద పడే గీతను సొంతంగా చదవడం జనానికి వచ్చని అప్పుడే ఒప్పుకున్నట్టు కదా!

కళ్లు మూసుకుని ఆమోదించమని అడగడం లేదు. ఆ అమెరికా కిట్‌నే మామూలు మనుషుల చేతికి ఇచ్చి చూస్తే, హెచ్ఐవీ ఉన్న ప్రతి 12 మందిలో దాదాపు ఒకరికి లేదనే చూపించింది. శిక్షణ ఉన్నవాళ్లు చేస్తే అంత తప్పు పోదు. పుల్ల సరిగ్గా తుడవకపోవడం, తొందరపడి చూడడం, సన్నటి గీతను గీతే కాదనుకోవడం... పదేళ్ల అనుభవం ఉన్న నేనే సన్న గీత వస్తే ట్యూబ్‌లైటు కిందికి తీసుకెళ్లి రెండోసారి చూస్తాను. పైగా సోకిన వెంటనే యాంటీబాడీలు కనపడవు. ఈ నోటి కిట్‌కు మూడు నెలల దాకా పట్టొచ్చు. పోయిన వారం తప్పు జరిగి ఈ వారం టెస్టు చేసుకున్నవాడు "లేదు" అని చూసి నిమ్మళంగా ఇంటికి పోతే, ఆ నిమ్మళమే ఇంట్లోవాళ్లకు ప్రమాదం.

  

అందుకే అడుగుతున్నా. లైసెన్సు ఇవ్వాల్సింది మీ శాఖ కింద మందులు, కిట్లు చూసే సీడీఎస్‌సీఓనే. ఇచ్చే ముందు కిట్‌ను ఢిల్లీ ల్యాబుల్లోనే కాదు, మా కోస్గి బస్టాండులో ముంబై బస్సు దిగినవాళ్ల చేత కూడా చేయించి చూడండి. అక్షరం రానివాళ్ల చేతికీ ఇవ్వండి. కాగితం మీద బొమ్మలు ఉండాలి, తెలుగు ఉండాలి. అదీ ప్రెస్‌నోట్ తెలుగు కాదు. "గీత పడితే ఇంకా ఖాయం కాదు, దవాఖానలో మళ్లీ ఫ్రీగా చూస్తారు. పడకపోతే మూడు నెలలు దాటాక ఇంకోసారి చేసుకో" అని ఉంటే చాలు. కింద ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబరు పెద్దగా వేయండి.

ఒంటరిగా ఫలితం చూసి ఎవరైనా ఏమైనా చేసుకుంటారేమో అని పెద్దలంటారు. ఆ భయం నాకూ ఉంది. కానీ నాకు అంతకన్నా ఎక్కువ భయం కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీలతో. కిట్ చవగ్గా దొరికితే లారీ ఎక్కించే ముందు అందరి నోళ్లూ తుడిచేస్తారు. పని ఇవ్వడానికి హెచ్ఐవీ టెస్టు షరతు పెట్టకూడదని 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టంలో ఉంది. ఆ సంగతి మేస్త్రీకీ తెలియదు, కూలీకీ తెలియదు. డబ్బా మీదే అచ్చు వేయించండి.

కురుమూర్తి జాతరకు వలస పోయినవాళ్లు చాలామంది ఊళ్లకొస్తారు. మీ వాళ్లను పంపదలిస్తే అప్పుడు పంపండి. ల్యాబులో రెండు కుర్చీలు, వెనకవైపు ఒక తలుపు ఉన్నాయి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
నారాయణపేట జిల్లా