పీవీ గురించి రాసేటప్పుడు యూరియా బస్తా సంగతీ రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పీవీ జయంతికి మీ పేపర్లో వచ్చిన వ్యాసాలన్నీ చదివాను. ఆర్థిక సంస్కరణల పితామహుడని అందరూ రాశారు, సంతోషం. కానీ 1991లో దేశం ఏ స్థితిలో ఉందో, గట్టెక్కడానికి ఎవరెవరు ఎంత మోశారో ఒక్కరూ సరిగా చెప్పలేదు. మాది పాత కరీంనగర్ జిల్లా, మా ఇంట్లో ఇది పుస్తకాల్లో చదువుకున్న విషయం కాదు.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడ్డప్పుడు మా బాబాయ్ అక్కడే పనిలో ఉన్నాడు. ఒక్క చేతిసంచితో ఇంటికొచ్చాడు. ఆయన పంపే డ్రాఫ్టులతో కడుతున్న ఇల్లు లెంటల్ దాకా లేచి ఆగిపోయింది, మా నాయనమ్మ ఆ మొండిగోడల మధ్యే వడియాలు ఆరబెట్టేది. గల్ఫ్ డబ్బు అలా పడిపోయింది, చమురు ధర పెరిగింది, అంతకుముందు ఏళ్ల తరబడి చేసిన అప్పులు సరేసరి. 1991 జూన్ 21న పీవీ ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి దేశం దగ్గరున్న డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకు బొటాబొటి. జులైలో రిజర్వ్ బ్యాంక్ దాదాపు 47 టన్నుల బంగారం విదేశాలకు పంపి తాకట్టు పెట్టింది. పుస్తెలు తాకట్టు పెట్టిన ఇళ్లవాళ్లకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

అలాంటప్పుడు, మెజారిటీ కూడా లేని ప్రభుత్వాన్ని నెట్టుకొస్తూ, మన్మోహన్ సింగ్‌ను ఆర్థిక మంత్రిని చేసి వెనక నిలబడ్డారాయన. జులై మొదటి మూడు రోజుల్లోనే రూపాయి విలువ రెండుసార్లు తగ్గించారు. పరిశ్రమల శాఖ తన దగ్గరే పెట్టుకుని, జులై 24న బడ్జెట్ రోజే, 18 రకాల పరిశ్రమలకు తప్ప మిగతా వాటికి లైసెన్సు అక్కర్లేదని ప్రకటించారు. గద్దెనెక్కి ఐదు వారాలు కూడా కాలేదు!

అదే బడ్జెట్లో ఎరువుల ధర 40 శాతం పెంచారు. గొడవయ్యాక 30కి దించి చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు ఇచ్చారు. మాకు ఎనిమిదెకరాలు కాబట్టి అది మాకు వర్తించలేదు. ఆరు బస్తాల యూరియాకని వెళ్లిన నాన్న నాలుగే తెచ్చాడు, ఆ ఏడు చెరువు పక్క మడులకు ఎరువు పడలేదు. మరుసటి ఏడాది డీఏపీ ఎరువు ధర మీద ప్రభుత్వ నియంత్రణ తీసేశాక ఇంకా టెన్షన్. ఇవన్నీ రాస్తే పీవీ తగ్గిపోతారని నేననుకోను, అంత బరువు జనం నెత్తిన పెట్టక తప్పని రోజుల్లో వెనకాడకపోవడమే ఆయన గొప్పతనం. కానీ మోసినవాళ్ల పేరూ ఆ కథలో ఉండాలి.

వచ్చే జూన్ 28న పీవీ జయంతికి ఒక పేజీ వాళ్లకివ్వండి: కువైట్ నుంచి తిరిగొచ్చినవాళ్లు, ఆ ఏడు ఎరువు కొన్న రైతులు, లైసెన్సు బాధ తప్పాక ఫ్యాక్టరీ పెట్టుకున్నవాళ్లు. బాబాయ్‌కి ఇప్పటికీ తేదీలతో సహా గుర్తున్నాయి, ఆయన చెప్తుంటే నేను రాసి పంపిస్తాను.

- ఒక రైతు కొడుకు, జగిత్యాల